కుళాయి మీద రెండు దెబ్బలు

గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక ఇనుప కడ్డీ కింది కొసను నేలలో ఉన్న వాల్వుకీ, పై కొసను తన చెవికీ ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకున్న ముసలాయన్ని చూసీ చూడనట్టు దాటిపోవడం నా వల్ల కాలేదు. బస్సు దిగి అప్పటికి అరగంటయింది. అప్పుడప్పుడే వెలుగొస్తోంది. నా భుజాన సంచీ, చేతిలో ఒక అద్దె ఇంటి తాళంచెవి ఉన్నాయి. కళ్ళు తిరిగి కూలబడ్డాడేమో అనుకుని దగ్గరికి వెళ్ళి చెయ్యి అందించాను.

ఆయన కళ్ళు తెరవలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, క్లాసులో అల్లరి చేసేవాణ్ణి ఆపినట్టు నన్ను ఆపాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఈ ఇంటావిడ ఇప్పుడే బకెట్టు పెట్టింది. నిండనివ్వండి గురువుగారూ, లేస్తాను" అన్నాడు. అరనిమిషం తరవాత ప్రహరీ అవతల కుళాయి కిర్రుమంటూ కట్టిన చప్పుడు నాకూ వినిపించింది. అప్పుడు కళ్ళు తెరిచి, నా చెయ్యి పట్టుకుని లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు. నా వయసువాడే. నాకంటే పొడుగు. కుడి చెవి తమ్మె కడ్డీకి ఒరుసుకుని ఒరుసుకుని కాయ కాసి ఉంది.

నేను ఏ ఊళ్ళోనూ రెండు నెలలకి మించి ఉండను. ఉద్యోగం వదిలాక పట్టుకున్న జబ్బిది. కొత్త ఊరు వెళ్ళగానే ముందు సందులు చూస్తాను. పెద్ద రోడ్లు ఎక్కడైనా ఒకే మొహం పెట్టుకుని ఉంటాయి. ఊరి గుట్టు బయటపెట్టేవి సందులే. ఈ సందు మొదట్లో ఒక టైలరమ్మ ఉంది. అద్దెకిచ్చే ఇల్లు ఆవిడదే. అంత పొద్దున్నే స్కూలు యూనిఫారాల గుట్ట ముందేసుకుని మిషను తొక్కుతోంది. ఇల్లు చూపించమంటే తల ఎత్తకుండానే తాళంచెవి నా వైపు తోసి, "మీరు చూసుకోవడానికి నేనెందుకండీ, గోడలేమైనా పారిపోతాయా" అంది. అలా ఒంటరిగా బయల్దేరినవాణ్ణి ఈయన దగ్గర ఆగిపోయాను.

ఆయన నీళ్ళ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. నేల కింద గొట్టం ఎక్కడ కారుతోందో పైకి తెలీదు. బండ్లు రోడ్డెక్కకముందు, ఊరు ఇంకా మంచాల మీద ఉండగా, ఒక్కో ఇంటి వాల్వు మీదా కడ్డీ పెట్టి వినాలి. కారే గొట్టం సన్నగా ఈల వేస్తుందట. వాడకం నీరు ఆగి ఆగి పారుతుంది, కారే నీటికి ఆగడమన్నది ఉండదు. "మనుషుల్లాగే అనుకోండి. పనుండి మాట్లాడేవాడు ఎక్కడో ఒకచోట ఆపుతాడు, ఊరికే మాట్లాడేవాడు ఆపడు" అని నా వంక చూశాడు. నేనప్పటికి వరసగా నాలుగు ప్రశ్నలు వేసి ఉన్నాను.

ముప్ఫై మూడేళ్ళు ఆ పని చేశాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని 'చెవి' అనే పిలిచేవారట. చెవి వచ్చాడా, చెవికి టీ పొయ్యండి, చెవి ఇవాళ సెలవు. పెళ్ళికి ఆఫీసు తరఫున ఇచ్చిన గోడ గడియారం మీద కూడా 'మా చెవికి' అని ఎర్రరంగుతో రాయించారు. ఆ గడియారం చూసి కొత్త పెళ్ళికూతురు రెండు రోజులు నవ్వు ఆపుకోలేకపోయిందట. నేనూ మనసులో ఆయన్ని చెవిగారు అనే పిలుచుకోవడం మొదలుపెట్టాను.

నన్నూ ఒకసారి విననిచ్చాడు. కూర్చోబెట్టి, కడ్డీ నా చెవికి ఆనించి, "కళ్ళు మూసుకోండి. తెరిచి ఉంటే చెవి పని చెయ్యదు. మాకు మొదటిరోజు నేర్పేది అదే" అన్నాడు. నేను మూసుకున్నాను. మొదట ఏమీ లేదు. తరవాత ఎక్కడో లోతున ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఒక హోరు. దానిలోంచి టిక్కు టిక్కుమంటూ ఒకటి, అది మీటరు తిరగడం. ఇంకా దూరంగా, ఎవరో స్నానం చేస్తూ తీస్తున్న కూనిరాగం. నిజంగానే. "మూడో ఇంటాయన" అన్నాడు చెవిగారు. "గుమస్తా. బయట నోరు మెదపడు. నీళ్ళు మీద పడితే చాలు, పాడతాడు. వాళ్ళావిడకి కూడా తెలీదనుకుంటాను." ఆ సందులోకి అడుగుపెట్టి పావుగంట కాలేదు, ఒక మనిషి రహస్యం నా చేతిలో ఉంది.

ఆ సంతోషంలో నా వాగుడు కట్టలు తెంచుకుంది. ఎప్పుడో చదివిన సంగతొకటి ఎత్తుకున్నాను. గనులు కూలి లోపల చిక్కుకున్నవాళ్ళు గొట్టాల మీద కొడుతూ ఉంటారట. పైనున్నవాళ్ళు బదులు ఒక్క దెబ్బ కొడితే చాలట, తిండీ నీళ్ళూ లేకపోయినా ఇంకో రెండు రోజులు ప్రాణం నిలుపుకుంటారట. నేను అదేదో గొప్ప సంగతి విప్పినట్టు చెప్పి ఆయన మొహంలోకి చూశాను. చెవిగారు నా చేతిలోంచి కడ్డీ తీసుకుని, దాని కొసకి అంటిన మట్టి వేలితో తుడుస్తూ ఉండిపోయాడు. వినడం వృత్తిగా ఉన్న మనిషి ముందు ఏం మాట్లాడుతున్నానో చూసుకోవాలని నాకప్పుడు తోచలేదు.

ఇప్పుడు రిటైరయ్యారు కదా, ఇంకా ఈ కడ్డీ ఎందుకని అడిగాను. "రండి, మీకు సందు చూపిస్తాను" అన్నాడు.

చూపించాడు. ఒక ప్రహరీ గోడలో, రెండు ఇటుకల మధ్య, టీ కప్పు పిడి ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. గోడ కట్టేటప్పుడు మేస్త్రి టీ తాగి కప్పు తడి సిమెంటు మీద పెట్టి మరిచిపోయాడు, చూసుకోకుండా దాని మీదే పై వరస లేపేశాడు. ఇంకో గేటుకి ఉత్తరాల డబ్బా ఉంది. దానికింద ఒక అట్టముక్క మీద 'ఉత్తరాలు గేటు కిందనుంచి వెయ్యండి, పిట్ట ఉంది' అని రాసి ఉంది. అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి, అంటే పిట్ట కాపురం ఏళ్ళ నుంచీ సాగుతోందన్నమాట. ఒక ఇంటి మెట్లు తొమ్మిది, తొమ్మిదీ తొమ్మిది రకాల రాళ్ళు. ఆ ఇంటాయన ఊరంతా గచ్చులు వేసేవాడు. ఎక్కడ ముక్క మిగిలితే అది తెచ్చి తన మెట్టు చేసుకున్నాడు. సందులో ఉన్న మురుగుకాలవ ఇనుప మూతలన్నీ వదిలేసి ఒక కుక్క ఎప్పుడూ ఒక్క మూత మీదే పడుకుంటుంది. దాని కిందనుంచి చాకలి దుకాణం వేణ్ణీళ్ళు పోతాయి. కుక్కకి తెలుసు. చెవిగారికి తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.

నాకు రోషం వచ్చింది. ఇన్ని ఊళ్ళు తిరిగినవాణ్ణి, నేనొక్కటి పట్టుకోలేనా అని చుట్టూ వెతికాను. ఒక పచ్చరంగు గోడ మీద, రంగు పోయి అరచేతి వెడల్పున నున్నగా మెరుస్తున్న చోటు కనిపించింది. సైకిలు హ్యాండిలు అంచు ఆని అరిగిన గుర్తు. ఒకే మనిషి ఒకే సైకిలుని ఏళ్ళ తరబడి అక్కడే ఆనించాడు. అది ఆయనకి చూపించాను.

చెవిగారు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ గుర్తు మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అలాగే ఉంచి వెనక్కి జరిగి, అది తన నడుముకి ఎంత ఎత్తులో ఉందో చూసుకున్నాడు. "నా కంటపడలేదిది" అన్నాడు. తరవాత నన్ను అడిగాడు: "నా భుజం దాకా వచ్చే మనిషికి ఇది కనిపిస్తుందంటారా?"

కనిపిస్తుందన్నాను. ఎవరికి అని అడిగాను.

"మా అమ్మాయికి."

తలుపులు వేసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూర్చున్నాం. ఆయన చెప్పిందాన్ని ఆయన చెప్పిన వరసలో చెప్పలేను. ఆయన గొంతు ఎక్కడా మారలేదు, అదే కష్టమైంది నాకు. గొట్టంలో లీకు ఎక్కడుందో రిపోర్టు రాయిస్తున్నవాడిలా చెప్పాడు.

కూతురు ఒక్కతే. చిన్నప్పుడు సెలవు రోజుల్లో ఆయన వెంట ఇలాంటి సందులన్నీ తిరిగేది. కాళ్ళు నొప్పులని మారాం చెయ్యకుండా ఆయన ఒక ఆట పెట్టాడు. సందుకొకటి, అప్పటిదాకా చూడనిది కనిపెట్టాలి. దాన్ని 'దొరికింది' అనేవారు ఇద్దరూ. ఇవాళ నా దొరికింది ఇదీ, నీ దొరికింది ఏదీ అని. స్కూలున్న రోజుల్లో ఆయన ఒక్కడే వెళ్ళొచ్చేవాడు. చివరికి సొంత ఇంటి గేటు దగ్గర ఆగి, అక్కడి వాల్వు మీద కూడా కడ్డీ పెట్టేవాడు. ఆ వేళకి పిల్ల లేచి, వంటింట్లో ముక్కాలి పీట వేసుకుని ఎక్కి, చెంచాతో కుళాయి మీద రెండు దెబ్బలు కొట్టేది. నాకొకటి దొరికింది అని దానికి అర్థం. ఆయన కడ్డీతో వాల్వు మీద ఒక్కటి కొట్టేవాడు. వస్తున్నాను, నేను వచ్చేదాకా ఎవరికీ చెప్పకు అని అర్థం. పొయ్యి దగ్గర వాళ్ళమ్మ, "తండ్రీ కూతుళ్ళకి నోళ్ళు లేవు, ఇల్లంతా కంసాలి కొట్టయింది" అని విసుక్కునేది. విసుక్కుంటూనే చెంచా మాత్రం పిల్లకి అందేచోట పెట్టేది.

ఆ తల్లి తొమ్మిదేళ్ళ క్రితం పోయింది. దగ్గుతో మొదలై ఊపిరితిత్తుల్లో ముదిరింది. నాలుగు నెలలు దగ్గింది. ఆయన విన్నాడు. కానీ ఆయన పొద్దున్న నాలుగింటికే లేచి వెళ్ళే మనిషి, వచ్చేసరికి ఆవిడ పనిలో ఉండేది. అడిగితే పొగ అనేది, దుమ్ము అనేది. అప్పటికి పెళ్ళయి వేరే కాపురం ఉంటున్న కూతురు వచ్చి చూసి ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. తల్లిని సాగనంపిన రోజు, ఇంటినిండా చుట్టాలుండగా, ఆ పిల్ల తండ్రి ముందు నిలబడి ఒక మాట అంది.

"ఊళ్ళో గొట్టాలన్నీ వినిపిస్తాయి నాన్నా నీకు. అమ్మ దగ్గు ఒక్కటే వినిపించలేదు."

అది నిజమని ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది.

"ఇంకెప్పుడూ నా ముందు నోరు తెరవకు" అన్నాడు.

ఆ పిల్ల తెరవలేదు. "నా కూతురే మరి" అన్నాడు చెవిగారు. ఆ ఒక్కచోట మాత్రం గొంతులో కాస్త గర్వం లాంటిది తగిలింది. చుట్టాల ఇళ్ళల్లో ఎదురుపడితే వచ్చి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చేది, తాగేదాకా నిలబడి ఖాళీ గ్లాసు తీసుకెళ్ళేది, పెదవి మాత్రం విప్పేది కాదు. చుట్టాలు నవ్వుకునేవారు. ఇద్దర్నీ ఒకే మూసలో పోశాడు దేవుడు అనేవారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లా అల్లుడూ ఇల్లు మారారు. ఊళ్ళో ఇన్ని వీధులుండగా ఈ సందుకే వచ్చారు. ఇది ఆయన రోజూ వినే లైను.

వాళ్ళు వచ్చిన మర్నాడు పొద్దున ఆ ఇంటి వాల్వు మీద కడ్డీ పెట్టాడు. రెండు దెబ్బలు వినిపించాయి.

"నోరు తెరవద్దన్నాను కదా. తెరవలేదు. చెంచా తీసింది" అన్నాడు.

బదులు కొట్టారా అని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. కొట్టలేదు. మర్నాడు కొడదామనుకున్నాడు. మర్నాడు మళ్ళీ రెండు దెబ్బలు. విని లేచి వెళ్ళిపోయాడు. ఒకరోజు కడ్డీ ఎత్తాడు కూడా. సరిగ్గా అప్పుడే పాలవాడి సైకిలు సందు తిరిగింది, సిగ్గేసి దించేశాడు. పగ పట్టి కూర్చున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఇది పగ కాదు. ఆ రెండు దెబ్బలూ రోజూ వస్తాయన్న ధీమా. వస్తున్నన్నాళ్ళూ తొందరేముంది అనుకున్నాడు. వర్షంలోనూ వచ్చాయి. ఆ పిల్లకి జ్వరంగా ఉన్నప్పుడు మెల్లగా వచ్చాయి, అయినా వచ్చాయి. ఇంటికెళ్ళి ఒక్కడే టీ పెట్టుకుని, ఇవాళ దానికి ఏం దొరికిందో అని ఆలోచిస్తూ తాగేవాడు. రోజంతటికీ ఆయనకి ఉన్న సంతోషం అదొక్కటే. ఆరేళ్ళకి పైన అలా గడిచింది.

తరవాత ఒకరోజు రాలేదు.

ఊరెళ్ళిందేమో అనుకున్నాడు. మర్నాడూ లేదు. దెబ్బలే కాదు, కుళాయి తిప్పిన చప్పుడు కూడా లేదు. గోడ మీద వాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయి కాబట్టి ఇంట్లోనే ఉంది. అలా నలభై రోజులు వెళ్ళి కూర్చున్నాడు, వింటే అంతా నిశ్శబ్దం. నేనొచ్చే వేళ చూసి కుళాయి కూడా కట్టేస్తోంది, నా మొహానికి నీళ్ళ చప్పుడు కూడా దక్కనివ్వదలుచుకోలేదు అనుకున్నాడు. ఆరేళ్ళు ఎదురుచూసి విసిగిపోయింది, అందులో దాని తప్పేముంది అని కూడా అనుకున్నాడు. మోకాళ్ళ నొప్పులని ఆఫీసులో చెప్పి లైను మార్పించుకున్నాడు. రిటైరయ్యాక కూడా మళ్ళీ ఈ సందులోకి రాలేదు. ఏడాదిన్నర గడిచింది.

నాలుగు నెలల క్రితం అల్లుడు ఆయన ఇంటికి వచ్చాడు. ఆ పిల్లకి అయిదు రోజుల జ్వరం, ఆరో రోజు లేదు. అంత త్వరగా అయిపోయింది. కబురు పంపే లోపలే అయిపోయింది. అల్లుడు గుమ్మంలోనే కూర్చుని చెప్పాడట: "ఆస్పత్రికి వెళ్ళిన రోజు పొద్దున కూడా కొట్టింది మామయ్యా. నిలబడలేకపోయింది, గట్టు పట్టుకుని కొట్టింది. ఇప్పుడెందుకే, మీ నాన్న రావడమే మానేశాడు కదా అన్నాను. వస్తాడు అంది."

ఆయనకి అర్థం కాలేదు. అది మానేసి ఏడాదిన్నర అయింది కదా అన్నాడు. అల్లుడు ఆయన మొహంలోకి చూసి, ఒక్కరోజు కూడా మానలేదన్నాడు.

అప్పుడు లేచి, చేతికి దొరికిన గునపం పట్టుకుని, ఈ సందుకి వచ్చి, ఆ ఇంటి గేటు ముందు వాల్వు పక్కన తవ్వాడు. జానెడు లోతున కనిపించింది. బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టం. వాల్వు నుంచి గోడ దాకా నాలుగు గజాల ముక్క. పాత ఇనుప గొట్టం తుప్పు పట్టిందని ఇల్లుగలవాళ్ళు ప్లంబరుని పిలిచి ఒక మధ్యాహ్నం మార్పించేశారు. ఆఫీసు కాగితాల్లోకి ఎక్కలేదు. ఇనుము చప్పుడుని మోస్తుంది. ప్లాస్టిక్ మొయ్యదు, మింగేస్తుంది. చెవిగారి ఆఫీసులో దాన్ని 'మూగ గొట్టం' అంటారు. మూగ గొట్టాలు వెయ్యకండయ్యా, లీకు తెలీదు అని ముప్ఫై మూడేళ్ళు పైవాళ్ళతో పోట్లాడినవాడు ఈయనే.

"ఇంకో ఇంట్లో అయితే ఒక్క నిమిషంలో చెప్పేవాణ్ణి గురువుగారూ. కుళాయి చప్పుడు కూడా లేదంటే గొట్టం మార్చారని పిల్లకాయ కూడా చెప్తాడు. ఆ ఇంటి దగ్గర మాత్రం బుర్రకి తట్టలేదు. కోపం అనుకున్నాను."

ఇన్ని పుస్తకాలు చదివిందీ ఇలాంటప్పుడు పనికి రాదు.

అప్పటినుంచి రోజూ ఈ సందుకి వస్తున్నాడు. కడ్డీ లేకుండా నడవడం చేతకాదు, అందుకని అదీ వెంట తెస్తాడు. ఆ పిల్ల కొట్టిన రోజులు లెక్క వేస్తే రెండువేల ఎనిమిది వందల దాకా ఉంటాయి. రోజుకొక 'దొరికింది'. ఒక్కటి కూడా ఆయన అడగలేదు. అవన్నీ ఈ సందులోనే ఎక్కడో ఉంటాయి కదా. కప్పు పిడి దానికి దొరికే ఉంటుంది. పిట్ట డబ్బా తప్పకుండా దొరికి ఉంటుంది. తొమ్మిది మెట్లు? కుక్క? ఇప్పటికి నూటపది పోగేశాడట. నా సైకిలు గుర్తుతో నూటపదకొండు.

"ఏ ఇల్లు?" అని అడిగాను.

గడ్డంతో చూపించాడు. మేం కూర్చున్నచోటికి మూడో గేటు. గేటుకి 'అద్దెకు ఇవ్వబడును' అట్ట వేలాడుతోంది. అల్లుడు తన అన్నగారి ఊరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. నేను నా చేతిలోని తాళంచెవి వైపు చూశాను. దానికి కట్టిన రేకు బిళ్ళ మీద ఉన్న నంబరే ఆ గేటు మీదా ఉంది.

అప్పుడు ఆ తాళంచెవి జేబులో వేసుకుని, పనుందని లేచి వెళ్ళిపోయి ఉండాల్సిందా అని తరవాత చాలా ఊళ్ళల్లో ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు. అప్పుడు మాత్రం ఆలోచించలేదు. అరచెయ్యి విప్పి ఆయనకి చూపించాను.

రేకు బిళ్ళ వేలితో తిప్పి నంబరు చూశాడు. "లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు" అన్నాడు. "ఆ ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఆ ఇంటికి నీళ్ళు సరిగ్గా అందుతున్నాయో లేదో మాత్రం రోజూ చూసుకున్నాను."

తలుపు తీశాను. ముందుగది ఖాళీ. గోడ మీద క్యాలెండరు మేకు, బీరువా ఉన్నచోట వెలవని రంగు నలుచదరం. ఆయన ఏ గదిలోనూ ఆగలేదు. కుళాయి ఎక్కడుందో తెలిసినవాడిలా నేరుగా వంటింట్లోకి నడిచాడు. తెలుసు మరి, గొట్టం ఎటు పోతుందో ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

గట్టు పైన ఇత్తడి కుళాయి. దాని మెడ మీద, ఒకే ఒక్కచోట, ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. వేలిగోరంత చోటు. దగ్గరికి వంగి చూస్తే ఆ మెరుపంతా సన్నసన్న సొట్టలు. ఆయన దాని మీద బొటనవేలు పెట్టి నిలబడ్డాడు. బయట ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఆ చప్పుడు పూర్తిగా అణగేదాకా అలాగే ఉన్నాడు.

"మీ సంచిలో చెంచా ఉందా?"

తిరిగేవాడి సంచిలో చెంచా లేకుండా ఉంటుందా. ఇచ్చాను. కడ్డీ నా చేతిలో పెట్టాడు. "గేటు దగ్గర పెట్టి వినండి. నేను కొడతాను."

మధ్యలో ఉన్నది ప్లాస్టిక్ అని మీరే చెప్పారు కదా అన్నాను.

"చెప్పాను. అయినా వెళ్ళండి."

వెళ్ళాను. ఆయన కూర్చున్నట్టే మోకాళ్ళ మీద కూర్చున్నాను. తవ్వి పూడ్చిన మట్టి ఇంకా మెత్తగా ఉంది. కడ్డీ వాల్వు మీద పెట్టి చెవి ఆనించాను. వీధి గొట్టం హోరు ఉంది, ఇంటివైపునుంచి ఏమీ లేదు. గట్టిగా ఆనించాను. ఏమీ లేదు. ఆ పని నేర్చినవాణ్ణి కాదు, పొద్దున ఆయన చెప్పింది కూడా ఆ క్షణంలో మరిచిపోయాను. కళ్ళు మూసుకోలేదు. వింటూ వింటూ తల ఎత్తాను.

ఎదురుగా వంటింటి కిటికీ. మధ్యలో చిన్న ముంగిలి, అంతే. అద్దాల రెక్కలు మూసి ఉన్నాయి, అద్దం వెనక ఆయన మొహం స్పష్టంగా కనిపిస్తోంది. మొహం పక్కన చెయ్యి. చేతిలో నా చెంచా. అది రెండుసార్లు లేచి పడింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు లేచి పడింది. నా చెవికి ఏమీ అందలేదు. నా కంటికి అంతా కనిపిస్తోంది.

ఆయన కూడా నన్నే చూస్తున్నాడు. నేను చూస్తున్నానని చూశాడు. మూడోసారి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆ నలభై రోజులూ ఆ పిల్ల అక్కడే నిలబడింది. తండ్రి వచ్చి, కూర్చుని, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, విని, లేచి, ఇంటివైపు చూడకుండా వెళ్ళిపోవడం ఆ అద్దంలోంచి చూస్తూనే కొట్టింది. ఆయనకి వినిపిస్తోందనే అనుకుంది. వినిపించకపోవచ్చని ఆమెకి ఎందుకు తోస్తుంది? ఈ ఊళ్ళో అందరికంటే బాగా వినేది వాళ్ళ నాన్నే. ఆయన ఒక్కరోజు కళ్ళు తెరిచి ఉంటే చాలు. కానీ ముప్ఫై మూడేళ్ళు కళ్ళు మూసుకుని పని చేసిన మనిషికి, కూతురి గేటు ముందు తెరవాలని తోచలేదు.

ఇదంతా నేను ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అక్కడ ఆయనకి అది అర్థం కావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. అద్దం వెనక ఆ మొహం మారడం చూశాను. దాన్ని వర్ణించను.

గని కబురు చెప్పిన నోరు, ఇప్పుడు పెగల్లేదు. చేతిలో కడ్డీ ఉంది. దాన్ని ఎత్తి వాల్వు మీద ఒక్క దెబ్బ కొట్టాను.

ఇనుము మీద ఇనుము. సందంతా మోగింది. మూత మీద కుక్క లేచి నిలబడింది. మూసిన అద్దం వెనక ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ దెబ్బకి ఏ గొట్టమూ అక్కర్లేకపోయింది. ఎన్నేళ్ళ క్రితమైనా, ఏ రోజైనా, కొట్టి ఉంటే అది ఆ వంటింట్లోకి గాలిలోనే వెళ్ళి ఉండేది. అది కూడా ఆయనకి అప్పుడే తెలిసి ఉంటుంది. నేను చేసిన పనికి సిగ్గుపడుతూ లేచాను.

ఆయన చెంచా కుళాయి పక్కన పెట్టినట్టుంది. అడుగుల చప్పుడు ముందుగది దాటింది, గుమ్మం దాటింది. గేటు తీసుకుని వచ్చి నా ముందు నిలబడి, కడ్డీ కోసం చెయ్యి చాచాడు. ఇచ్చాను. నా వైపు చూడలేదు.

కడ్డీ భుజాన వేసుకుని నడిచాడు. తరవాతి గేటు దగ్గర అలవాటుగా ఆగి, కడ్డీ సగం దించాడు. వాల్వు మీద పెట్టలేదు. మళ్ళీ భుజానికెత్తుకుని, ఆ ఇంటి వంటింటి కిటికీ వైపు తలెత్తి కాసేపు చూశాడు. ఆ తరవాతి ఇంటి దగ్గరా ఆగి కిటికీ వైపే చూశాడు. ఎండ అప్పుడే సందులోకి దిగుతోంది. మెట్ల ఇల్లు దాటాడు, పచ్చగోడ దాటాడు, టైలరమ్మ మిషను చప్పుడు వినిపించే మలుపు దగ్గర కూడా వెనక్కి తిరగలేదు.